ఇంటిస్థలం గురించి అనంతపురం చెరువు చెప్పే పాఠం

మన సంఘం సమావేశాలలో పింఛను, డి.ఎ. బకాయిల సంగతి ముగిసిన తరువాత ఎక్కువగా వినిపించేది పిల్లల ఇంటి మాట. "అబ్బాయి మొదటిసారి స్థలం కొంటానంటున్నాడు, అనంతపురంలో ఏ పక్క మంచిది?" అని, సర్వే శాఖలో పనిచేసినవాణ్ణి గనుక, నన్ను అడిగే మిత్రులు చాలామంది. ధర ఎంత, బస్టాండు ఎంత దూరం అన్నవి ఎవరైనా చెప్పగలరు. కాని ప్రతి నేలకూ ఒక చరిత్ర ఉంటుంది. అది తెలుసుకోకుండా కొన్న స్థలం చవకగా దొరికినా చివరకు చవక కాదు. ఆ చరిత్రను నాకు తెలిసినంత వరకు ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను.

మన ఊరు పుట్టిందే చెరువు వల్ల. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి పెద్ద చెరువు కట్టించాడు. ఆ చెరువును ఆనుకొని బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని రెండు ఊళ్ళు వెలిశాయి. రెండవదే నేటి అనంతపురం. ఆ కట్ట ఒకప్పుడు తెగబోగా, బుక్కరాయసముద్రంలో బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన ప్రాణం ఇచ్చి ఊరిని కాపాడిందని మన పెద్దలు చెప్పుకునే కథ అందరికీ తెలిసినదే. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉన్న రోజులలోనే ఈ కథను 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రచించారు.

కథలో నిజమెంతో అటుంచితే, ఇందులో గమనించదగిన సంగతి ఒకటుంది. మన పాత ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో మనది ఒకటి. అటువంటి చోట జనం తరతరాలుగా మరచిపోకుండా దాచుకున్నది కట్ట తెగిన కథ. కరువు సీమలో వాన అరుదుగా వస్తుంది గాని, వచ్చిన రోజు ఒక్కసారిగా వస్తుంది. గట్టి నేల, చెట్లు లేని గుట్టలు ఆ నీటిని పట్టి ఉంచలేవు. అది నేరుగా వంకలలోకి, వంకల నుండి చెరువులోకి పరుగెత్తుతుంది. పాతవారికి ఇది బాగా తెలుసు గనుకనే తూములు, మరవలు చూసుకొనే నీరుగంటి అనే ఉద్యోగి ఉండేవాడు. పాతూరిలో నీరుగంటి వీధి పేరు ఆ వృత్తికి గుర్తుగా నేటికీ మిగిలి ఉంది.

విజయనగరం తరువాత ఈ ఊరు హండె నాయకుల పాలనలో ఉన్నది. 1800లో నిజాము మన ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి దత్తం చేశాడు. 1882లో బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచారు. అప్పటి నుండి కచేరీలు, కోర్టులు వచ్చాయి. 1916లో దత్తమండల కళాశాల, తరువాత ఇంజనీరింగు కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పోలీసులు ఇతర తాలూకాల నుండి బదిలీలపై వచ్చి పాతూరి మిద్దెలలో అద్దెకు దిగి, పిల్లల చదువుల కోసం ఇక్కడే నిలిచిపోయారు. మన సభ్యులలో అధికుల కథ ఇదే. పాతూరు చాలక కమలానగర్, సాయినగర్ నిండాయి. రైలు పట్టాలు దాటి రామ్‌నగర్ వైపు, ఆపైన హైదరాబాదు-బెంగుళూరు రహదారి వైపు ఊరు పెరిగింది. 2005లో మునిసిపాలిటీ నగరపాలక సంస్థ అయింది.

ఈ పెరుగుదలలో మనవారు అడిగిన మొదటి ప్రశ్న "నీళ్ళున్నాయా?" అన్నది. అందులో తప్పు లేదు. బోర్లు ఎండి, బిందెలు వరుస పెట్టి, ట్యాంకరు కోసం కాచుకున్న వేసవులు మనందరివి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు, పెన్నహోబిలం జలాశయం నుండి పట్టణానికి వచ్చిన పైపులు, పల్లెలకు 1995 నాటి సత్యసాయి తాగునీటి పథకం ఆ బాధను చాలావరకు తగ్గించాయి. అయితే "వాన పడితే ఆ నీరు ఎటు పోతుంది?" అన్న రెండవ ప్రశ్న మరుగున పడింది. పదేళ్ళు ఎండిన వంక చూసేవారికి వంకగా కనిపించదు, ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. అక్కడ మొదట కొట్టాలు వస్తాయి, తరువాత రాళ్ళు పాతి ప్లాట్లు వేస్తారు, ఆపైన మిద్దెలు లేస్తాయి. 2022 అక్టోబరులో ఊరి నడుమ పారే నడిమివంక పొంగి రుద్రంపేట వైపు కాలనీలను ముంచింది. 2024 అక్టోబరులో పండమేరు పొంగి ఊరి అంచున ఉన్న కాలనీలలోకి వచ్చింది. ఆరున్నర శతాబ్దాల క్రిందట చిక్కప్ప ఒడెయరు కట్ట వేసినది ఈ పండమేరుకే. నది తన దారి మరచిపోలేదు, మనమే మరచిపోయాము. పొరుగున కర్నూలు 2009 అక్టోబరులో ఎలా మునిగిందో చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

స్థలం ఎంచుకోవడానికి పాతవారి పద్ధతి ఏమైనా ఉన్నదా అంటే, ఉన్నది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయిమంది కూలీలను, నూరు బండ్లను పెట్టి రెండేళ్ళలో ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనంలో చెప్పించాడు. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం అన్నవి ఆ ఆరు దోషాలు. చెరువుకు చెప్పిన ఈ లెక్క ఇంటిస్థలానికీ సరిపోతుందని నా అనుభవం.

మొదటిది ఊట. కట్ట క్రింద, మరవ పారే దారిలో, వంక ఒడ్డున స్థలం వద్దు. ఎండాకాలంలో చూసి బేరం చేయకుండా, వాన వెలిసిన మరునాడు వెళ్ళి చూడాలి. పక్క ఇళ్ళ గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే బ్రోకరు చెప్పనిది గోడ చెబుతుంది.

రెండవది చౌడు. మట్టి మిద్దె కప్పుకు చౌడు పనికివచ్చింది గాని పునాదికి పనికిరాదు. బోరు నీరు ఉప్పగా ఉన్నదా, ఫ్లోరైడు ఎంత ఉన్నది అన్నది కొనకముందే పరీక్ష చేయించాలి. వీధిలోకి కుళాయి పైపు వచ్చిందా లేదా కళ్ళారా చూడాలి. "వస్తుంది" అన్న మాట మీద కొనరాదు.

మూడవది రెండు రాజ్యాల సరిహద్దు. మన ఊరికి ఇది అతికినట్టు సరిపోతుంది. రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి వంటి చోట్ల ఇళ్ళు నగరంలో కలిసిపోయిన తరువాత కూడా చాలాకాలం పాలన పంచాయతీలదిగానే ఉన్నది. అంచున ఉన్న వీధికి కాలువ తీయవలసినది ఎవరు, దీపం వేయవలసినది ఎవరు అన్నది తేలకపోతే రాత్రిపూట ఆడపిల్ల ఒంటరిగా రావడానికి భయపడుతుంది. ఇంటిపన్ను ఎవరికి కడుతున్నారో ఇరుగుపొరుగును అడగాలి. వీధి దీపాలు వెలిగే వేళకు ఒకసారి నడిచి చూడాలి.

నాలుగవది మిట్ట పల్లాలు. రోడ్డు కన్నా స్థలం పల్లంగా ఉంటే ప్రతి కొత్త తారు పొరకూ ఇల్లు మరింత క్రిందికి దిగుతుంది.

ఐదవ, ఆరవ దోషాలు రెండూ కొలతకు సంబంధించినవి. చేతిలో ఉన్నది తక్కువ, కొనదలచినది ఎక్కువ అయితే అది ఐదవ దోషం. 2004 సెప్టెంబరు 1 తరువాత మన రాష్ట్రంలో ఉద్యోగంలో చేరిన పిల్లలు మన పాత పింఛను పరిధిలో లేరు. వారి ఇంటి అప్పు తీరకముందే జీతం ఆగిపోతే వెనుక ఆధారం తక్కువ. అందుచేత మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు మొత్తం వారి ఇంటిలో పోయవద్దని, మన వైద్యానికి కొంత విడిగా ఉంచుకోవాలని నా విన్నపం. డబ్బు ఉన్నది గదా అని ఆసుపత్రి, బడి, బస్సు అందని దూరాన పెద్ద స్థలం కొనడం ఆరవ దోషం. వయసు మీద పడ్డాక రెండు సెంట్ల ఇల్లయినా సరే, నడిచి మందులషాపుకు వెళ్ళగలిగిన ఇల్లే మేలు.

ఇక కాగితాలు. శాసనకర్త రాతి మీద చెక్కించాడు, మనము కాగితం మీద చూసుకోవాలి. సర్వే నంబరు తెలుసుకొని గ్రామపటం, ఎఫ్.ఎం.బి. పటం తీసి చూస్తే వంక ఎక్కడ పారేదో గీతలలోనే కనిపిస్తుంది. పాత డైగ్లాట్‌లో ఆ నంబరు చెరువు పోరంబోకు, వంక పోరంబోకు అని ఉంటే ఎంత తక్కువకు వచ్చినా వదిలివేయాలి. చెరువులు, కుంటలు ఆక్రమించిన కట్టడాలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాత సవరణలు వచ్చినా షరతులు తెలుసుకోనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. కనీసం ముప్పై ఏళ్ళకు ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీయించాలి. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటుకు, 8 ఇళ్ళు మించిన అపార్టుమెంటుకు 2016 నాటి రెరా చట్టం క్రింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు అడగడం అమ్మేవారిని అవమానించడం కాదు, మన హక్కు.

తరతరాలు పల్లెలలో కరువుతో వేగి, ఉద్యోగం చేసి, పిల్లలకు సొంత గూడు ఏర్పడితే చాలునని ఎదురుచూసిన కుటుంబాలు మనవి. ఆ గూడు ఒక్క రాత్రి వానకు మునిగితే పోయేది రెండు తరాల కష్టార్జితం. కాబట్టి సభ్యులు తమ పిల్లలతో కలిసి స్థలం చూడడానికి స్వయంగా వెళ్ళవలసిందిగా కోరుతున్నాను. చెరువు ఎక్కడ, మరవ ఎక్కడ, వంక ఎక్కడ అన్నది పాత తరానికి గుర్తున్నంతగా కొత్తవారికి తెలియదు. ఆ జ్ఞాపకం మన వెంట పోకుండా పిల్లలకు అందజేయడం కూడా మన ఆస్తిపంపకంలో ఒక భాగమే.