సర్కారు భూమి, మా పట్టా: ఉప్పల్ వైపు నుంచి ఆస్తి హక్కు చరిత్ర

ఆస్తి హక్కు అనగానే మన ఉద్యమాల్లో పెరిగినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది, అది దొరల మాట అని. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. జమీందార్లు భూసంస్కరణలను ఆపడానికి ఆస్తి హక్కునే పట్టుకుని కోర్టులకెక్కారు. వాళ్లను తట్టుకోవడానికే 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది. 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300-ఎ అధికరణంలో మామూలు హక్కుగా పెట్టినప్పుడు మనవాడల్లో ఎవరూ బాధపడలేదు. పోయేది మనది కాదు అనుకున్నం.

ఇప్పుడు ఆ చర్చ మళ్లీ లేచింది. 2024 మేలో సుప్రీంకోర్టు బిమల్ కుమార్ షా కేసులో 300-ఎ లోపల ఏడు హక్కులున్నాయని చెప్పింది. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, కారణం రాయాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పని సాగదీయకుండా చెయ్యాలి, చివరిదాకా ముగించాలి. అదే ఏడాది నవంబరు 5న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ముంబై ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ కేసులో, ప్రతి ప్రైవేటు ఆస్తినీ 39(బి) అధికరణం చెప్పే సమాజపు భౌతిక వనరుగా లెక్కించలేమని మెజారిటీతో తీర్పిచ్చింది. 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన విశాలమైన అభిప్రాయం అట్లా పక్కకు పోయింది. సెమినార్లలో ఈ రెండు తీర్పుల మీదా వాదనలు విన్నాను. అందరి లెక్కలో ఇద్దరే ఉంటారు. ఒకడు ఆస్తిపరుడు, రెండోది రాజ్యం. మూడో మనిషి ఊసు ఎవరూ ఎత్తరు. చేతిలో పట్టా ఉండీ భూమి తనదని చెప్పుకోలేని మనిషి, లావణి పట్టాదారు, కోర్టు భాషలో అసైనీ. ఈ వ్యాసం ఆ మనిషి గురించి.

ఉప్పల్‌లో ఊరి పేర్లే భూమి రికార్డులు. ఉప్పల్ కలాన్ అంటే పెద్ద ఉప్పల్. ఉప్పల్ ఖాల్సాలోని ఖాల్సా, జాగీర్దారుకు పోకుండా సర్కారుకే శిస్తు చెల్లే భూమి. ఉప్పల్ భగాయత్ అంటే తోటల భూమి, మూసీ పక్కన. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా చాలావరకు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. 1949లో అది సర్కారులో కలిసింది. పేర్లు ఎన్ని మారినా ఆ భూముల్లో దున్నిన మాల మాదిగల పేరు మీద రికార్డు ఉన్నది చాలా తక్కువ. ఉన్నా అది ఊడిగానికి కట్టిన ఇనాం. ఊడిగం చేసినంత కాలమే భూమి.

ఉప్పల్ దాటి తూర్పుకు వెళితే పోచంపల్లి ఎంతో దూరం లేదు. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళితులు వినోబా భావేను ఎనభై ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ పుట్టింది. పాఠ్యపుస్తకాలు ఇచ్చినవాడి పేరు చెబుతాయి, నడిచినవాడి పేరు చెబుతాయి. అడిగినవాళ్లు మాత్రం 'హరిజనులు' అనే ఒక్క ముద్దగానే మిగిలిపోయారు. భూమి మనకు హక్కుగా కాక దానంగా వస్తుందనే అలవాటు ఆ కథలో ఉంది. సర్కారు పట్టాలో కూడా అదే అలవాటు కనిపిస్తుంది.

1958లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అసైన్‌మెంట్ విధానాన్ని సవరించి నిబంధనలు పెట్టింది. భూమిలేని పేదకు సర్కారు భూమి ఇస్తారు. మూడేండ్లలో సాగులోకి తేవాలి. వారసులకు వస్తుంది కానీ అమ్మరాదు. పట్టా కాగితాల మీద ఇంకో షరతు కూడా కనిపిస్తుంది, ప్రజా ప్రయోజనానికి కావాలంటే సర్కారు నష్టపరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చు అని. మా తాతకు డెబ్బైలలో ఉప్పల్‌కు అవతలి ఒక ఊళ్లో రెండెకరాలు ఇచ్చినప్పుడు అందులో రాళ్లు, సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదంట. ఆయనకు చదువు రాదు. షరతుల కింద వేలిముద్ర వేశాడు. రాళ్లు ఏరడానికి మూడేండ్లు పట్టింది. తొంభైలలో ఒక సంస్థకు కావాలని చెప్పి ఆ భూమిని తీసుకున్నారు. చేతికి వచ్చిన పైసలు అక్క పెండ్లికి కూడా సరిపోలేదని మా నాయిన ఇప్పటికీ అంటాడు. ఆ తర్వాత ఆయన నాచారం పారిశ్రామికవాడలో హమాలీ పనికి పోయాడు. నేను పుట్టి పెరిగింది అక్కడి కిరాయి గదుల్లోనే.

మా ఇంటి కథ కొత్తదేం కాదు. అయితే ఈ కథలో చట్టం రెండు వేర్వేరు పనులు చేసింది. ఆ రెండింటినీ మనం కలిపి చూస్తున్నాం, అందువల్లే చర్చ దారి తప్పుతున్నది. మొదటిది, అమ్మరాదు అనే నిషేధం. 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చింది. అసైన్డ్ భూమిని కొంటే ఆ కొనుగోలు చెల్లదు. అధికారి ఆ భూమిని తీసుకుని మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వాలి. చట్టం అక్షరాల్లో శిక్ష కూడా కొన్నవాడికే, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు వేల దాకా జరిమానా. చదివితే బాగానే ఉంటుంది. జ్వరానికో అప్పుకో భూమిని తెల్లకాగితం మీద రాసిచ్చే మనిషిని భూస్వామి నుంచి కాపాడటానికే ఈ నిషేధం. రెండోది, పరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చనే షరతు. దీనివల్ల పేదకు వచ్చే రక్షణ ఏమీ లేదు, లాభం పూర్తిగా సర్కారుదే. ఒకే కాగితం మీద ఈ రెండూ పక్కపక్కన ఉండేసరికి, నీకు అమ్మే హక్కు లేదు కాబట్టి నీ భూమికి విలువ కూడా లేదు అనే వాదం పుట్టింది. రెవెన్యూ ఆఫీసుల్లో ఆ వాదం దశాబ్దాల పాటు నడిచింది.

1993లో ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. అసైన్డ్ భూమి తీసుకుంటే మార్కెట్ విలువకు సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇస్తారు, సొలేషియం ఉండదు. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. హక్కు లేనిచోట వాడే మాట అది. పక్క చేనులో రెడ్డి పట్టా భూమి పోతే ఆయనకు విలువ మీద అదనంగా ముప్పై శాతం సొలేషియం. బలవంతంగా లాక్కున్నందుకు ఓదార్పు అది. మాదిగోడి భూమి పోతే ఓదార్పు అక్కర్లేదని సర్కారు లెక్క. ఒకే చెరువు కింది రెండు మడులకు రెండు లెక్కలు.

ఈ రెండు లెక్కలను కొట్టేసింది మేకల పాండు కేసు. అప్పటి చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి అప్పీలు అది. రంగారెడ్డి జిల్లాది, అంటే ఆనాడు ఉప్పల్ కూడా ఉన్న జిల్లాది. హైకోర్టు పాత తీర్పులు ఒకదానికొకటి పడక 2004లో విస్తృత ధర్మాసనం కూర్చుంది. పరిహారం లేదనే షరతు 14, 31-ఎ అధికరణాలకు విరుద్ధమని, ప్రజా ప్రయోజనానికి తీసుకుంటే అసైనీకి పూర్తి హక్కుదారుతో సమానంగా మార్కెట్ విలువ, మిగతా ప్రయోజనాలు ఇవ్వాలని చెప్పింది.

ఈ తీర్పు వెనకున్న సిద్ధాంతం మన విద్యార్థులు తప్పక చదవాల్సింది. రాజ్యాంగ విరుద్ధ షరతుల సిద్ధాంతం అంటారు, అమెరికా కోర్టుల్లో పెరిగింది. రాజ్యం నీకొక మేలు చేస్తూ, దానికి బదులుగా నీ ప్రాథమిక హక్కు వదులుకొమ్మని అడగకూడదు. నువ్వు సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా, ఆ వదులుకోవడం చెల్లదు. 1964లో చార్లెస్ రైక్ అనే అమెరికా న్యాయ పండితుడు 'కొత్త ఆస్తి' అని ఒక వ్యాసం రాశాడు. పింఛను, లైసెన్సు, సర్కారు ఇచ్చే ప్రయోజనాలు, ఇవన్నీ ఈ కాలపు మనిషి బతుకుదెరువు కాబట్టి వాటికీ ఆస్తికి ఇచ్చే రక్షణ ఇవ్వాలన్నాడు. సర్కారు దయ మీద బతికేవాడు సర్కారు చెప్పినట్టల్లా వినాల్సి వస్తుందని ఆయన భయం. ఆ భయం ఏమిటో తెలుసుకోవడానికి మా తాతకు రైక్ అక్కర్లేదు.

31-ఎ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. భూసంస్కరణ చట్టాలను కోర్టుల నుంచి కాపాడటానికి పుట్టిన అధికరణం అది. 1964లో 17వ సవరణ దానికో రక్షణ మాట కలిపింది. సీలింగు లోపల ఉండి సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని సర్కారు తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా ఇవ్వాలి. 44వ సవరణ తర్వాత కూడా ఆ మాట అక్కడే ఉంది. అంటే పెద్ద ఆస్తిపరుడి ప్రాథమిక హక్కు పోయాక కూడా చిన్న రైతుకు రాజ్యాంగంలో ఒక మూల రక్షణ మిగిలింది. ఆ మూల వైపు చూడటానికి కోర్టుకు నలభై ఏండ్లు పట్టింది. అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభకు రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో వ్యవసాయ భూమినంతా రాజ్యపరం చెయ్యమన్నాడు. కానీ అక్కడ కూడా హక్కుదారుకు అతని హక్కు విలువకు తగ్గట్టు డిబెంచర్లు ఇవ్వమన్నాడు. భూమినంతా తీసుకొమ్మన్న మనిషే ఊరికే తీసుకొమ్మనలేదు. పేదల రెండెకరాలను ఊరికే తీసుకున్నవాళ్లు మాత్రం ఆయన విగ్రహాలు పెట్టారు.

2013 భూసేకరణ చట్టం భూయజమాని నిర్వచనంలోనే అసైన్డ్ పట్టాదారును చేర్చింది. 2025 మార్చిలో ఎరికల సుంకాలమ్మ కేసులో, కర్నూలు జిల్లా భూమి విషయంలో, సుప్రీంకోర్టు మేకల పాండు దారినే నడిచి 70 లక్షల పరిహారం ఇప్పించింది. గెలిచినట్టే అనిపిస్తుంది. అయితే మేకల పాండు తీర్పులోనే ఒక సందు ఉంది. షరతు ఉల్లంఘించినందుకు భూమి వెనక్కి తీసుకుంటే పరిహారం లేదు. నగరం దగ్గరికొచ్చిన భూమిలో షరతు ఉల్లంఘన దొరకబట్టడం ఎంత సేపు? బీడు పెట్టావు అనవచ్చు, ఎవరికో కౌలుకిచ్చావు అనవచ్చు. 2007 సవరణ ఇంకో అడుగు వేసింది. నోటిఫై చేసిన ప్రాంతాల్లో అట్లా తీసుకున్న భూమిని ప్రజా ప్రయోజనానికి వాడుకునే వీలు ఇచ్చింది. కొన్నవాడి నుంచి తీసి పేదకు తిరిగివ్వడానికి పుట్టిన చట్టం, పేద పేరు చెప్పి భూమిని సర్కారు ఖాతాలో వేసుకునే దారి అయింది.

ఉప్పల్ భగాయత్ చూడండి. 2005 తర్వాత హుడా అక్కడ ఏడు వందల ఎకరాలకు పైగా సేకరించింది. పట్టా రైతులకు ఎకరానికి వెయ్యి గజాల డెవలప్ చేసిన ప్లాటు అన్నారు. కొంత భూమిలో ఇప్పుడు మెట్రో డిపో ఉంది. 2019లో మిగతా ప్లాట్ల వేలం, 2021 వేలంలో గజం లక్ష రూపాయల దాకా పోయింది. పట్టా రైతుకు కూడా అన్యాయం జరిగిందని వాదించవచ్చు, ప్లాట్ల కోసం వాళ్లు ఏండ్ల తరబడి తిరిగారు. కానీ మూసీ నీళ్లతో పెరిగే పశువుల గడ్డి కోసి, మోపులు మోసి బతికిన ఆడవాళ్లకు ఏ కాగితమూ లేదు. ఆనాటికి నడుస్తున్న 1894 చట్టం లెక్కలో వాళ్లు లేరు. 2013 చట్టం మూడేండ్లుగా అక్కడే పని చేసే కూలి కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబం అంది. భగాయత్‌కు ఆ మాట ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు అసలు తగాదా. 2018లో తెలంగాణ, 2017 డిసెంబరు 31 నాటికి అసైన్డ్ భూమి కొని సాగు చేస్తున్న భూమిలేని పేదలకు దాన్ని తిరిగి అసైన్ చేసే వీలు కల్పించింది. 2023లో ఆంధ్రప్రదేశ్, ఇరవై ఏండ్లు దాటిన అసలు పట్టాదారుకు పూర్తి హక్కు ఇచ్చింది, అమ్ముకునే హక్కుతో సహా. మన మిత్రుల్లో చాలామంది రెండోదాన్ని మెచ్చుకుంటున్నారు. రెడ్డికి అమ్ముకునే హక్కు ఉన్నప్పుడు మాదిగకు ఎందుకుండొద్దు, మనకు మాత్రమే సంరక్షకుడు కావాలా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. సమానత్వం మాటగా అది సరైనదే. కానీ ఔటర్ రింగురోడ్డు పక్కన అమ్మే హక్కు వచ్చిన రోజు కొనేవాడు అడ్వాన్సుతో సహా తయారుగా ఉంటాడు. భూమి మన చేతుల్లో ఎన్ని నెలలుంటుంది?

నా మట్టుకు నేను ఈ రెండింటినీ విడదీయాలంటాను. అమ్మకం మీద నిషేధం ఇంకొంతకాలం ఉండనీ, దానికి కాలపరిమితి పెట్టుకుందాం. పట్టాలో భార్య పేరు కూడా ఉండనీ, ఆమె సంతకం లేకుండా కదలకుండా. పరిహారం విషయంలో మాత్రం ఏ షరతూ ఒప్పుకోరాదు. బిమల్ కుమార్ షా కేసు చెప్పిన ఏడు హక్కులూ అసైనీకి ఉండాలి. ముఖ్యంగా మొదటి రెండు, నోటీసు, మాట వినడం. షరతు ఉల్లంఘించావన్న మాట రుజువయ్యేదాకా ఆ భూమిని సర్కారు ఎవరికీ ఇవ్వకూడదు. రుజువైనా చట్టం మొదట చెప్పినట్టు అది పేదకే పోవాలి. కోనేరు రంగారావు భూ కమిటీ 2006లో 104 సిఫారసులు చేసింది, పేదల భూమి పేదలకు దక్కేటట్టు చూడటమే వాటి సారం. వాటిని ఇప్పుడు ఎవరు చదువుతున్నారో తెలియదు.

2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పాత అసైన్‌మెంట్ కాగితాలు ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకొమ్మని ఊళ్లో చాటింపు అయిందని తెలిసి మా నాయిన ట్రంకు పెట్టె తీశాడు. తాత పట్టా మడతల దగ్గర చిరిగిపోతున్నది. నాచారంలో జిరాక్సు షాపతను లామినేషన్ చేసి ఇస్తానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. ప్లాస్టిక్కులో పెట్టినంక అది అసలు కాయిదం కాదంటే ఏం చేస్తవ్ బిడ్డా అన్నది. తాసిల్దారు ఆఫీసుకు దాన్ని పాత చీర ముక్కలో చుట్టుకునే తీసుకుపోయాం.