చిన్న సంస్థల టెండర్లు (బత్తలపల్లె ప్రాంతం)

ప్రభుత్వ పనిని లేదా సరుకుల సరఫరాను ధరల పోటీ ద్వారా అప్పగించే పద్ధతి టెండరు. అనంతపురం కరవు సీమలోని బత్తలపల్లె మండలం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడ కొత్తగా సంస్థ పెట్టినవారికి సివిల్ పనుల దారి వేరు, సరఫరాల దారి వేరు.

సివిల్ పనులు: సిమెంటు రోడ్లు, చెక్‌డ్యాములు, తాగునీటి పైపులైన్ల వంటి పనులకు కాంట్రాక్టరుగా రిజిస్టరు కావాలి. తరగతిని బట్టి ఎంత విలువ పనికి పోటీ పడవచ్చో తేలుతుంది. అట్టడుగుది ఐదో తరగతి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ను ప్రారంభించాక బిడ్లు డిజిటల్ సంతకంతో ఆన్‌లైన్‌లో వేయడం మొదలైంది. అదే ఏడాది జూలై 1న వచ్చిన జీవో 94 ప్రకారం అంచనాపై 5 శాతానికి మించి ఎక్కువ (ఎక్సెస్) వేస్తే బిడ్ చెల్లదు. 25 శాతానికి మించి తక్కువ (లెస్) వేస్తే అదనపు ధరావతు కట్టాలి. 20 లక్షల పనికి 30 శాతం లెస్ అంటే 14 లక్షలు. అంచనాలో 75 శాతమైన 15 లక్షలకు తగ్గిన లక్ష రూపాయలను ధరావతుగా చూపాలి. పని దక్కించుకోవాలన్న ఆత్రంతో లెస్ వేసే కొత్తవారి పెట్టుబడి ఇక్కడే ఇరుక్కుంటుంది.

కరవు పనుల్లో మరో పరిమితి ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చేపట్టిన పనుల్లో కాంట్రాక్టర్లకు చోటివ్వలేదు.

సరుకులు, సేవలు: కేంద్ర కొనుగోళ్లకు 2016లో జెమ్ పోర్టల్ వచ్చింది. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేవాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. ఇందులో ఎస్సీ, ఎస్టీ సంస్థలకు 4, మహిళల సంస్థలకు 3 శాతం కేటాయించారు. చిన్న సంస్థలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే బిడ్‌తో కట్టే ధరావతు (ఈఎండీ) నుంచి మినహాయింపు దొరుకుతుంది. నాణ్యతకు లోటు లేకుంటే పూర్వానుభవం, టర్నోవరు షరతులను సడలించవచ్చు. కొని అమ్మే వ్యాపారులకు, సివిల్ పనులకు ఈ విధానం వర్తించదు.

చెల్లింపులు: 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు లేదా సేవ అంగీకరించిన 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. బకాయి రాకపోతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.