ఈలను పట్టే మీట

శబ్ద స్థాయిని బట్టి తనంతట తానే సవరించే డైనమిక్ ఈక్వలైజర్ ప్లగిన్‌ను కంప్యూటర్ యుగపు కొత్త వింతగా అమ్ముతుంటారు. చరిత్ర అందుకు ఒప్పుకోదు. ఈక్వలైజర్ అన్న పేరే టెలిఫోన్ రంగం నుంచి వచ్చింది. దూరం వెళ్లేకొద్దీ తీగలో హెచ్చు ఫ్రీక్వెన్సీలు ఎక్కువగా నీరసించేవి. ఆ నష్టాన్ని పూడ్చి అన్నిటినీ సమం చేసే సర్క్యూట్ అది. 1951లో వచ్చిన పల్టెక్ ఈక్వలైజర్ దాన్ని మరమ్మతు పని నుంచి రుచి వైపు మళ్లించింది. 1972లో ఆడియో ఇంజనీర్ జార్జ్ మాసెన్‌బర్గ్ సమర్పించిన పత్రం ఏ ఫ్రీక్వెన్సీని, ఎంత వెడల్పున, ఎంత మేర అనే మూడు అదుపులనూ విడదీసి చూపింది. అయినా అవి తిప్పినచోటే నిలిచే మీటలు; గొంతు అలా నిలవదు. మెల్లగా పాడినప్పుడు తెలియని 'స', 'ష'ల ఈల గట్టిగా పాడగానే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ ఈలను అణిచే డీ-ఎస్సర్ పరికరం ప్లగిన్లకు చాలా ముందే పుట్టింది. స్థాయిని బట్టి బ్యాండ్‌ను కదిలించడమూ పాతదే: 1960ల మధ్యలో రే డాల్బీ శబ్దాన్ని నాలుగు బ్యాండ్లుగా చీల్చి, స్థాయిని బట్టి సవరిస్తూ టేపు రొదను అణిచాడు.

బ్యాండ్లవారీగా శబ్దాన్ని అణిచే మల్టీబ్యాండ్ కంప్రెసర్ ఉండగా డైనమిక్ ఈక్వలైజర్ ఎందుకన్న అభ్యంతరంలో సగం న్యాయముంది, ఫలితాలు చాలాసార్లు దగ్గరగానే ఉంటాయి. కానీ ఆ కంప్రెసర్ క్రాసోవర్ ఫిల్టర్లతో శబ్దాన్ని ముందే బ్యాండ్లుగా కోసేస్తుంది. సాధారణంగా ఏమీ అణచని వేళ కూడా ఫేజ్ మారుతుంది. డైనమిక్ ఈక్వలైజర్ బ్యాండ్ మాత్రం అవసరం లేనప్పుడు చదునుగా పడి ఉంటుంది. కాబట్టి ఇంట్లో మిక్స్ చేసేవారు బ్యాండ్ల సంఖ్య కన్నా ముందు ఏ స్థాయి దగ్గర, ఎంత వేగంగా పట్టాలో, వదలాలో చెప్పే త్రెషోల్డ్, అటాక్, రిలీజ్ అదుపులు చూడాలి. ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా ప్లగిన్‌లోనూ అవి ఉన్నాయి.