ఓస్తియాలో ఒక మరణము

క్రీ. శ. 387లో ఆఫ్రికాకు తిరుగు ప్రయాణమున, రోము నగరపు రేవైన ఓస్తియాలో, అగస్టీను తల్లి మోనికా జ్వరముతో కన్నుమూసెను. అప్పటికి ఆమెకు 56వ యేడు, అతనికి 33వ యేడు నడుచుచుండెను. భర్త సమాధి ప్రక్కనే తనకును చోటు కావలెనని చిరకాలము కోరిన ఆ తల్లి, తుదకు ఈ దేహమును ఎచ్చట పూడ్చినను సరియే యనెను.

మనుమడు అదెయోదాతుసు బావురుమనగా పెద్దలు వారించిరి. ఎవోదియుసు కీర్తనల గ్రంథము చేబూని పాట నెత్తుకొనెను. పునరుత్థానమును నమ్మినవారి యింట రోదనము తగదని వారి తలంపు. లాజరు సమాధికడ క్రీస్తే కన్నీరు విడిచెనని సువార్త చెప్పుచున్నను, ఆ సంగతి అప్పుడెవరికిని స్ఫురించినట్లు లేదు! అగస్టీను ఖననము ముగియువఱకు దుఃఖమును దిగమ్రింగెను. స్నానము చేసినను భారము తీరలేదు. నిద్రించి లేచిన పిదప, దేవునియెదుట ఒంటరిగా, కొంతసేపు తల్లికై యేడ్చెను.

సుమారు పదేండ్లకు ‘కన్ఫెషన్స్’ తొమ్మిదవ భాగమున దీనిని దాచక వ్రాసెను. శోకమును జయించుటయే వివేకమని స్తోయికులు బోధించిన లోకమున ఇది సాహసమే. తెలుగు క్రైస్తవులు ఆశను ‘నిరీక్షణ’ యందురు. ఎదురుచూచువానికి ఎడబాటు బాధ తప్పదని ఆ మాటయే యొప్పుకొనుచున్నది.

మోనికా అస్థికలు 1430లో రోమునకు తరలినవి. 1945లో ఓస్తియాలోని సంత ఔరేయా దేవాలయము చెంత బాలురు గొయ్యి త్రవ్వుచుండగా ఆమె సమాధిఫలకపు ముక్క బయల్పడెను.