విమానంలో ఆవకాయ, నెయ్యి: చేతి సంచిలో ఎంత? పెట్టెలో ఎలా?

విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థుల సామానులో ఆవకాయ, గోంగూర పచ్చడి, నెయ్యి, తేనె తరచూ కనిపిస్తాయి. అయితే విమానాశ్రయ భద్రతా సిబ్బంది దృష్టిలో ఇవి ఘనపదార్థాలు కావు. ద్రవాలు, జెల్‌ల కోవలోకే వస్తాయి. ఈ తేడా తెలియక, ఇంట్లో శ్రద్ధగా కలిపి ఇచ్చిన పచ్చడిని తనిఖీ కేంద్రం వద్దే వదిలేయాల్సి వస్తుంది.

నిబంధన నేపథ్యం

బ్రిటన్ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే విమానాలను ద్రవరూప పేలుడు పదార్థాలతో పేల్చివేసే కుట్రను 2006 ఆగస్టులో లండన్‌లో భగ్నం చేశారు. అనంతరం అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతి సంచిలోని ద్రవాలపై పరిమితి అమలులోకి వచ్చింది. ఒక్కో సీసా 100 మి.లీ. మించరాదు. అన్నీ కలిపి 1 లీటరు పారదర్శక సంచిలో ఇమడాలి. లెక్కలోకి తీసుకునేది సీసా సామర్థ్యాన్నే. 200 మి.లీ. సీసా అడుగున రెండు చెంచాల పచ్చడి ఉన్నా అనుమతించరు.

గుర్తించడం ఎలా?

ఒలికేది, పూయగలిగేది ఏదైనా ద్రవం కిందే లెక్క. జామ్, వేరుసెనగ వెన్న ఇందుకు ఉదాహరణలు. అదే వెన్నను ముందే రొట్టెకు పూసి తీసుకెళితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. పచ్చడికి బదులు కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లినా ద్రవ పరిమితి వర్తించదు.

పెట్టెలో సర్దే విధానం

గగనతలంలో విమానం లోపలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయికి తగ్గుతుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి, మూత సందుల్లోంచి నూనెను బయటకు నెడుతుంది. అందువల్ల గాలి తీసి, వేడితో అతికించిన మందపాటి ప్యాకెట్లు సీసాల కంటే మేలు. వాటిని మరో సంచిలో ఉంచి, పెట్టె మధ్యలో దుస్తుల నడుమ సర్దాలి. కొత్తావకాయ ఊరి, నూనె తేలిన తర్వాతే ప్యాక్ చేయాలి.

దిగిన తర్వాత

భద్రతా తనిఖీ దాటినంత మాత్రాన దేశంలోకి అనుమతి లభించినట్లు కాదు. అమెరికాలో ఆహార పదార్థాలన్నింటినీ కస్టమ్స్ అధికారులకు వెల్లడించాలి. దాచిపెడితే జరిమానా తప్పకపోవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాలు భారత్ వంటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికుల వద్ద మాంసం, పాల ఉత్పత్తులను అనుమతించవు. కోడి పచ్చడి, నెయ్యి ఆ జాబితాలోకి వస్తాయి. టికెట్ కొన్నప్పుడే గమ్యస్థాన దేశపు నిబంధనలను కూడా పరిశీలించుకోవడం మంచిది.