పైలట్ల సీనియారిటీ, జీతం: ప్రాంతీయ సంస్థ నుంచి పెద్ద సంస్థకు

ప్రాంతీయ విమాన సంస్థను వదిలి పెద్ద సంస్థలో చేరే పైలట్‌కు పాత సర్వీసు ఎంతవరకు లెక్కకు వస్తుందన్నది ఈ వ్యాస విషయం. లాగ్‌బుక్‌లో రాసుకున్న గంటలు పైలట్ వెంటే వస్తాయి. సీనియారిటీ మాత్రం పాత సంస్థ జాబితాలోనే ఉండిపోతుంది. కో-పైలట్ కెప్టెన్ కావడం, పెద్ద విమానానికి మారడం, వాటితోపాటు జీతం పెరగడం చాలాచోట్ల ఆ జాబితాను బట్టే జరుగుతాయి.

జాతీయకరణ

తెలుగు ప్రాంతంలో తొలి ఉదాహరణ దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో 1945లో ఏర్పడిన ఈ సంస్థ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1953 ఆగస్టు 1న మరో ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 1952 జూలై 1కి ముందు చేరి ఇంకా కొలువులో ఉన్నవారికి అదే జీతం, అవే షరతులు కొనసాగుతాయని ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 20వ సెక్షన్ చెప్పింది. వాటిని తర్వాత మార్చే అధికారం మాత్రం కార్పొరేషన్‌కే ఇచ్చింది.

విలీన వివాదాలు

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాక రెండు జాబితాల పేచీ మొదలైంది. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనం కోసం, 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు బోయింగ్ 787 శిక్షణ విషయమై సమ్మె చేశారు. చిక్కుముడి విప్పే పని జస్టిస్ ధర్మాధికారి కమిటీకి అప్పగించారు.

ప్రైవేటు సంస్థలు

విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ 170 విమానాలతో మొదలై, తర్వాత 190లు కూడా నడిపి, 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. పెద్ద సంస్థల్లో ఉన్నవి ఎక్కువగా ఎయిర్‌బస్ 320లు, బోయింగ్ 737లు. కాబట్టి ఎంబ్రాయర్ కెప్టెన్ అయినా ఆ రకం విమానం నడిపే అర్హత, అంటే కొత్త టైప్ రేటింగ్, తెచ్చుకోవాల్సిందే. హైదరాబాద్ ట్రూజెట్ (2015–2022) నడిపినవి ఏటీఆర్ 72లు. 2017 చివర్లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు తేవడంతో ఆ రేటింగ్‌కు పెద్ద సంస్థలోనూ గిరాకీ వచ్చింది.

అదే ఏడాది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కెప్టెన్లకు రాజీనామా నోటీసు గడువును ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచింది. కో-పైలట్లకు ఆరు నెలలే ఉంచింది.

ప్రస్తుత స్థితి

అమెరికాలో విలీనాలప్పుడు సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలని 2007లో చట్టం వచ్చింది. అక్కడ కూడా రాజీనామా చేసి వేరే సంస్థకు వెళ్లిన పైలట్ జాబితా అడుగు నుంచే మొదలుపెట్టాలి. భారత్‌లో సంస్థలన్నిటికీ ఉమ్మడి సీనియారిటీ జాబితా లేదు. మారే పైలట్ హోదా, జీతం కొత్త సంస్థతో కుదిరే ఒప్పందాన్ని బట్టే ఉంటాయి.