సాంగ్స్ ఫ్రమ్ ది లాబిరింత్

ఇంగ్లండ్ రాక్ గాయకుడు స్టింగ్, బోస్నియాలో పుట్టిన ల్యూట్ విద్వాంసుడు ఎడిన్ కరమజోవ్ కలిసి చేసిన ఆల్బమ్. 2006లో డాయిచె గ్రామోఫోన్ సంస్థ విడుదల చేసింది. ఒక్క రాబర్ట్ జాన్సన్ పాట తప్ప తక్కినవన్నీ అతని సమకాలికుడు, ల్యూట్ స్వరకర్త జాన్ డౌలాండ్ (1563–1626) రచనలే. ల్యూట్‌కు సగానికి కోసిన బేరిపండు లాంటి కుండ, వెనక్కి విరిచినట్టుండే తల, జంట తీగలు ఉంటాయి. పాటల నడుమ స్టింగ్, 1595లో డౌలాండ్ ఇంగ్లండ్ రాణి మంత్రి రాబర్ట్ సెసిల్‌కు రాసుకున్న ఉత్తరంలోని భాగాలు చదువుతాడు. కొలువు దక్కని కళాకారుడి గోడు అది. స్టింగ్ బొంగురు గొంతు ఈ సంగీతానికి నప్పలేదని కొందరు సమీక్షకులు పెదవి విరిచారు. చిన్న గదుల్లో నలుగురి మధ్య పాడుకునే పాటలకు ఆ అభ్యంతరం అంతగా అతకదు. బిల్‌బోర్డ్ శాస్త్రీయ సంగీత జాబితాలో ఈ ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది.